నల్లరేగడి దారిలో కొలార్డ్ ఆకు, అలసంద వడలు

శుక్రవారం

జార్జియాలో మేముండే కమ్మింగ్ నుంచి అలబామాలోని మాంట్‌గోమరీకి మూడున్నర గంటల దారి. జార్జియా 400 హైవే మీద అట్లాంటాలోకి దిగి, ఊరు దాటేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఐ-85 పట్టుకున్నామంటే ఇక నేరుగా అలబామా. సరిహద్దు దాటగానే ఫోన్లో టైం ఒక గంట వెనక్కి జరుగుతుంది. ఊరికే వచ్చిన గంట కదా అని గ్యాస్ స్టేషన్లో ఆగి తీరిగ్గా కాఫీ తాగాను. కౌంటర్ పక్కన పెద్ద కుక్కర్‌లో ఉడకబెట్టిన చెనిక్కాయలు పెట్టారు. ఉప్పునీళ్లలో తొక్కతోనే ఉడికించినవి, మా ప్రొద్దుటూరు వైపు కొత్త పంట ఇంటికొచ్చినప్పుడు ఉడికించుకునేవే. ఇన్నేళ్లు జార్జియాలో ఉండి అవి ఇక్కడ దొరుకుతాయని నాకు తెలియదు, ఎందుకంటే మేం ఎప్పుడూ ఇలా ఆగింది లేదు. మా ఆయనకు దారిలో ఆగడం ఇష్టం ఉండేది కాదు.

ఆయన నిరుడు ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయారు. అంతకుముందు నా డ్రైవింగ్ అంటే కాస్ట్‌కో, గుడి, పిల్లాడి స్కూలు, అంతే. హైవే ఎక్కితే ఆయన స్టీరింగ్ దగ్గర, నేను పక్క సీట్లో పండ్లు కోసి అందిస్తూ. మొన్న ఆగస్టులో పిల్లాడు కాలేజీకి వెళ్లిపోయాక ఇంట్లో పొయ్యి వెలిగించడం కూడా దాదాపు మానేశాను. పెరుగన్నం, బ్రెడ్, ఫ్రీజర్‌లోంచి తీసిన పరోటా. ఆఫీసులో నాకంటే పదిహేనేళ్లు పెద్దావిడ ఒకరు ఉన్నారు, నల్లజాతి ఆవిడ, సెల్మా దగ్గర పల్లెటూరు. ఆవిడా భర్తను పోగొట్టుకున్న మనిషే. నా లంచ్ డబ్బా వారం రోజులు చూసి, ఏమీ అడక్కుండా, "అక్టోబర్ మొదటి ఆదివారం మా అమ్మ దగ్గరికి వెళ్తున్నా, నువ్వూ రా. కానీ నీ కారులో నువ్వు రావాలి" అంది. ఆ చివరి మాటకే భయపడ్డాను, ఆ చివరి మాట కోసమే బయల్దేరాను. నేను ఆవిడను మనసులో అక్క అనుకుంటాను కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నా.

సాయంత్రం మాంట్‌గోమరీ చేరి, హోటల్లో బ్యాగు పడేసి, డెరికోట్ స్ట్రీట్ వెతుక్కుంటూ వెళ్లాను. చూడ్డానికి ఏమీ ఉండదు, ఓ మామూలు వీధి, జార్జియా గిల్మోర్ అనే వంటావిడ ఇంటి ముందు ఒక చరిత్ర ఫలకం. అక్క "ముందు అది చూసి రా, తర్వాత మిగతావి" అని చెప్పింది.

1955 డిసెంబర్‌లో, బస్సులో తెల్లవాళ్లకు సీటు ఇవ్వనన్న రోజా పార్క్స్ అరెస్టు తర్వాత ఈ ఊళ్లో నల్లవాళ్లు బస్సు ఎక్కడం మానేశారు, 381 రోజులు. ఇదంతా మనం పాఠాల్లో చదువుకున్నదే. చదవనిది ఏంటంటే, అన్ని రోజులు జనం పనులకు ఎలా వెళ్లారు, వాళ్లను ఎక్కించుకుని తిప్పిన కార్లకు పెట్రోలు డబ్బులు ఎవరిచ్చారు అని. అందులో కొంత ఈ వంటమనిషి సంపాదించింది. గిల్మోర్ ఒక క్యాంటీన్‌లో వంట చేసేది, పిల్లల తల్లి. తనలాంటి ఆడవాళ్లను పోగేసి కేకులు, గెనుసుగడ్డల పైలు, వేయించిన చేప, చికెన్ శాండ్‌విచ్‌లు చేయించి బ్యూటీ పార్లర్లలో, టాక్సీ స్టాండ్లలో, చర్చిల్లో అమ్మించి ఆ డబ్బు ఉద్యమానికి తెచ్చి ఇచ్చేది. వండినవాళ్లలో చాలామంది తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసేవాళ్లు, పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది. అందుకే ఆ జట్టుకు 'ఎక్కడా లేనివాళ్ల క్లబ్' అని పేరు పెట్టింది. డబ్బు ఎక్కడిది అంటే, ఎక్కడిదీ కాదు. ఆమె పేరు మాత్రం బయటపడింది. 1956లో మార్టిన్ లూథర్ కింగ్ మీద కేసు నడిచినప్పుడు కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పింది, ఉద్యోగం పోయింది. అప్పుడు కింగే, ఇంట్లోనే వండి అమ్ము అని చెప్పి, గిన్నెలూ సామాన్లూ కొనడానికి సాయం చేశాడు. ఈ వీధిలోని ఆ ఇల్లే తర్వాత మెస్సు అయింది. కింగ్ అక్కడే తినేవాడు, మీటింగులు అక్కడే జరిగేవి.

1990లో, నల్లవాళ్ల ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి జరిగిన పాదయాత్ర 25వ వార్షికోత్సవం వేళ ఆమె చనిపోయింది. ఆ పొద్దున నడిచేవాళ్ల కోసం వండిపెట్టిన చికెన్, మాకరోనీ చీజ్‌నే, పరామర్శకు వచ్చినవాళ్లకు ఇంట్లోవాళ్లు వడ్డించారట.

వంట చేస్తే మనసు తేలికపడుతుందని నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈమెకు వంట మనసుకు మందు కాదు, లెక్క. ఇన్ని కేకులు, ఇంత డబ్బు, ఇన్ని గ్యాలన్ల పెట్రోలు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

శనివారం

పొద్దున్నే లించింగ్ బాధితుల, అంటే మూకలు పట్టుకుని చంపేసిన నల్లవాళ్ల స్మారకం దగ్గరికి వెళ్లాను, 2018లో తెరిచారు. కొండ మీద పైకప్పు కింద ఎనిమిది వందలకు పైగా ఉక్కు దిమ్మలు, ఒక్కో కౌంటీకి, అంటే మన జిల్లా లాంటి దానికి, ఒకటి, మీద చనిపోయినవాళ్ల పేర్లు. మొదట అవి మన ఎత్తులోనే నిలబడి ఉంటాయి. నడుస్తూ పోతుంటే నేల కిందికి దిగుతుంది, దిమ్మలు మాత్రం అక్కడే ఉండిపోయి చివరికి తలల మీద వేలాడతాయి. ఎందుకో మా కౌంటీ కోసం వెతికాను. ఫోర్‌సైత్ కౌంటీ, జార్జియా. రాబ్ ఎడ్వర్డ్స్, 1912. మా కమ్మింగ్ ఊళ్లోనే, జైల్లోంచి లాక్కొచ్చి చంపారు. ఆ ఏడాదే ఆ కౌంటీలో ఉన్న వెయ్యిమందికి పైగా నల్లవాళ్లను బెదిరించి, ఇళ్లు తగలబెట్టి, మొత్తంగా తరిమేశారు. తర్వాత డెబ్బై, ఎనభై ఏళ్లు అది దాదాపు తెల్లవాళ్ల కౌంటీగానే ఉండిపోయింది. ఇప్పుడు మా సబ్‌డివిజన్లో, అంటే మా ఇళ్ల కాలనీలో, సగంమంది తెలుగువాళ్లం. స్కూళ్లు బాగుంటాయని కొన్నాం. ఇల్లు చూపించిన ఏజెంటు స్కూలు రేటింగుల గురించి గంట చెప్పాడు, దీని గురించి ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

అక్క ఈ విషయం తెలిసే ఇన్నాళ్లూ నా పక్కన కూర్చుని పనిచేస్తోంది. ఎప్పుడూ ఎత్తలేదు.

అక్కణ్ణుంచి సెల్మాకు హైవే 80, 1965లో ఆ పాదయాత్రవాళ్లు నడిచిన 54 మైళ్ల దారే, తిరుగు దిశలో. ఈ ప్రాంతాన్ని బ్లాక్ బెల్ట్ అంటారు, నల్లటి సారవంతమైన మట్టి వల్ల వచ్చిన పేరు. మా నల్లరేగడి చేలను చూసినట్టే ఉంది. పత్తి విచ్చుకునే కాలం కావడంతో రోడ్డుకు రెండు వైపులా తెల్లగా ఉంది. పత్తి తర్వాత ఇక్కడ క్యాట్‌ఫిష్ చెరువులు తవ్వుకున్నారు, పత్తీ చేపల చెరువులూ పక్కపక్కనే కనిపిస్తుంటే నేనున్నది ఏ దేశమో అర్థంకాని క్షణం ఒకటి వచ్చింది.

పాదయాత్ర అంటే అందరికీ వంతెన గుర్తొస్తుంది, ఎడ్మండ్ పెటస్ వంతెన, మార్చి 7, లాఠీలు, గుర్రాలు, టియర్ గ్యాస్. నేనూ కారు ఆపి దాని మీద నడిచాను, కింద అలబామా నది. కానీ నా ఆలోచనంతా రెండు వారాల తర్వాత మళ్లీ బయల్దేరి అయిదు రోజులు నడిచినవాళ్లకు అన్నం ఎవరు పెట్టారన్న దాని మీదే పోయింది. సెల్మాలో చర్చి వంటింట్లో వండి, కొత్తగా కొన్న రేకు చెత్తడబ్బాల్లో నింపి లారీ మీద పంపారు. మొదటి రాత్రి స్పఘెటీ. పెళ్లివంటలకు గుండిగలు దొరక్కపోతే మనవాళ్లూ ఇలాంటి పనే చేస్తారు. వండినవాళ్ల ఫోటోలు నాకు ఎక్కడా కనిపించలేదు.

అక్కవాళ్ల ఊరు చేరేసరికి చీకటి పడుతోంది. వాళ్లమ్మకు ఎనభై దాటాయి. ఇక్కడ పెద్దవాళ్లను ఉత్త పేరు పెట్టి పిలవరు, పేరు ముందు 'మిస్' చేర్చాలి, తొంభై ఏళ్ల ముసలామెకైనా సరే. నేను సింపుల్‌గా అమ్మా అన్నాను, ఆమెకు అర్థమైంది. నన్ను తేరిపార చూసి, "వంట వచ్చా?" అని అడిగింది. వచ్చు అన్నాను. "రేపు చూద్దాం" అంది.

పడుకునే ముందు ఆమె అలమరలో ఎండు బొబ్బర్లు కనిపించాయి, మా వైపు అలసందలు. అడిగి నానబోశాను. ఎందుకు అని ఆమె అడగలేదు.

ఆదివారం

తెల్లారక ముందే కొలార్డ్ ఆకు పని. ఇది మన ఆకుకూరల్లా లేతగా ఉండదు, చేటంత ఆకు, మందంగా. సింకు నిండా నీళ్లు పట్టి ముంచి, ఆకు పైకి తీసి, అడుగున ఇసుక చూసి, నీళ్లు వదిలేసి, మళ్లీ. నాకు కడగడం అయిపోయిందనిపించినప్పుడు అమ్మ వేలితో అడుగు తడిమి చూసి ఇంకోసారి అంది. ఈనెలు ఒలిచి, ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టగా చుట్టి సన్నగా తరగాలి. మామూలుగా పొగబెట్టిన పంది కాలి ముక్క వేస్తారు. నేను పంది తిననని అక్క ముందే చెప్పి ఉంచడంతో పొగబెట్టిన టర్కీ మెడ ముక్కలు వేశారు, వాటిని గంటసేపు ముందే ఉడకనిచ్చి, ఆ నీళ్లలో ఆకు, ఉల్లిపాయ, ఎండుమిరప పలుకులు, కాస్త వెనిగర్, చిటికెడు పంచదార. అంతే. తాలింపు లేదు. ఆకు మెత్తబడేదాకా సన్న సెగ మీద వదిలేసి చర్చికి వెళ్లేవాళ్లు వెళ్తారు, ఒకరు కాపలా ఉంటారు. అడుగున మిగిలే పచ్చటి రసమే అసలు సరుకు, జొన్నరొట్టె విరిచి... క్షమించాలి, మొక్కజొన్నరొట్టె విరిచి అందులో ముంచుకు తినడానికి. బానిసత్వం ఉన్న రోజుల్లో యజమానుల ఇళ్లలో ఆకు బల్ల మీదకు వెళ్లేది, రసం వంటింట్లో మిగిలేది. అసలు బలమంతా వంటింట్లోనే ఉండిపోయిందని అమ్మ పడీపడీ నవ్వింది.

ఆ రొట్టె సంగతి. ఇనప మూకుడులో కొవ్వు వేసి ఓవెన్‌లో కాల్చాలి, పొగ వస్తుందేమో అన్నంత వేడెక్కాక పిండి పోస్తే చుయ్యిమనాలి. చుయ్యిమనకపోతే అంచు కరకరలాడదు. తెల్ల మొక్కజొన్న పిండి, మజ్జిగ, గుడ్డు, ఉప్పు, సోడా. పంచదార వేస్తారా అని అడిగితే అమ్మ నా వైపు చూసిన చూపు మా అత్తగారు గుర్తొచ్చేలా ఉంది. పంచదార వేస్తే అది కేకట.

పదకొండుకు చర్చి. మొదటి ఆదివారం కాబట్టి పెద్ద వయసు ఆడవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, తెల్ల టోపీలు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లను చర్చి మదర్స్ అంటారట. అందులో చాలామంది భర్తలు పోయినవాళ్లే. పాస్టర్ ఏదైనా చెప్తూ మధ్యలో వాళ్ల వైపు చూస్తాడు, వాళ్లు తలూపితే ముందుకు పోతాడు. తెల్లబట్ట, భర్త పోయిన ఆడమనిషి. ఈ రెండూ కలిస్తే నేను పుట్టి పెరిగిన చోట ఏ మూల కూర్చోబెడతారో నాకు తెలుసు.

మన దగ్గర ఇప్పుడు ఎవరూ తెల్లచీర కట్టమనరు, అమెరికాలో అసలే అనరు. ఆయన పోయాక వచ్చిన మొదటి శ్రావణమాసంలో పిలుపులు ఆగిపోయాయి, అంతే. ఎవరూ తిట్టలేదు, రావద్దనలేదు. నేను లేని ఇంకో వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టుకున్నారు. దసరాకు కొలువు పేరంటాలు. పదేళ్లుగా ఆ పేరంటాలకు శనగలు, పులిహోర చేసి పెట్టింది నేనే. ప్రొద్దుటూరులో పుట్టినవాళ్లకు దసరా అంటే ఏంటో వేరే చెప్పాలా. ఎదురుపడినప్పుడు మాత్రం చేయి పట్టుకుని "నువ్వు చాలా స్ట్రాంగ్ అక్కా" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రార్థన అయ్యాక ముందు వరస మనిషి ఒకామె వచ్చి అక్కను నా గురించి అడిగి, నా వైపు తిరిగి, "వండుకుంటున్నావా?" అంది. ఓదార్పు మాట ఒక్కటీ లేదు. లేదన్నాను. "మూడేళ్లు నేనూ వండలేదు, తర్వాత చర్చి వంటింటి తాళాలు నాకిచ్చారు" అంది. ఈ చర్చిలో ఎవరు పోయినా అంత్యక్రియల తర్వాత భోజనాలు ఉంటాయి, ఆ వంట ఎవరెవరు చేయాలో ఈమె పురమాయిస్తుందట. చాలా గట్టి మనిషి, ఎవరి మాకరోనీ బాగుండదో కూడా చెప్పేసింది, పేరుతో సహా.

ఇంటికొచ్చాక వంటిల్లు రణరంగం. మజ్జిగలో ఊరిన కోడిముక్కలను ఉప్పు, మిరియాలు కలిపిన పిండితో కాగితం సంచిలో వేసి ఊపి నూనెలో వదలడం అక్క పని. నేను నానిన అలసందలు కచ్చాపచ్చాగా రుబ్బి, ఉల్లిపాయ, అల్లం, హాలపీన్యో మిరపకాయలు, చిల్లీ అనే మాంసం కూర వండుకోవడానికి వాళ్లు పెట్టుకున్న జీలకర్ర వేసి, అరచేతిలో తట్టి అదే ఇనప మూకుడులో వేశాను. అలసందలు ఆఫ్రికా పంట. వేల ఏళ్ల క్రితమే మన దేశానికి వచ్చాయి, బానిసల ఓడలతో పాటు ఇక్కడికి వచ్చాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఇప్పటికీ వీటితోనే అకరా అని వడలు వేస్తారు. ఇక్కడ మాత్రం ఎక్కువగా ఉడికించి అన్నంతో తింటారు, కొత్త సంవత్సరం రోజున తప్పకుండా. మా వైపు అలసంద వడ, నాటుకోడి పులుసు అంటే పండగ. ఆయనకు ప్రాణం. ఆయన పోయాక నేను నూనె మూకుడు పెట్టింది ఇదే మొదలు.

అమ్మ ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. అందరూ చూస్తున్నారు.

"ఉప్పు తక్కువైంది. నూనె కూడా ఇంకా కాగాలి" అంది.

ఏం చెప్పను, ఎంత హాయిగా అనిపించిందో. ఇన్నాళ్లూ నేను ఏం పెట్టినా, నీళ్లచారు పెట్టినా, "భలే ఉంది" అని జాలిగా తినేసి వెళ్లేవాళ్లే గానీ ఒక్క వంక పెట్టినవాళ్లు లేరు. ఉప్పు కలిపి, మంట పెంచి రెండో వాయి తీశాను. ఆమె మూడు తిని, నాలుగోది చర్చిలో కలిసిన ఆమెకు పంపమని కాగితంలో చుట్టించింది. బల్ల మీద కోడి, ఆకు, రొట్టె, తియ్యటి గెనుసుగడ్డలు, పచ్చి టమాటాలు పిండి అద్ది వేయించినవి. పచ్చి టమాటా పచ్చడి ఎలా చేస్తామో చెప్తే అక్క ఫోన్లో రికార్డు చేసుకుంది.

రాత్రి నాకిచ్చిన మంచం మీద పాతబట్టల బొంత. ఇక్కడికి దగ్గర్లోనే నది వంపులో జీస్ బెండ్ అని ఊరు ఉంది, అక్కడి ఆడవాళ్లు కుట్టిన బొంతలు ఇప్పుడు పెద్ద మ్యూజియంల గోడల మీద ఉన్నాయి. 1942లో మిజోరీ పెట్‌వే అనే ఆమె, భర్త చనిపోయాక, ఆయన పొలం పనికి వేసుకునే బట్టలన్నీ చింపి బొంత కుట్టుకుంది, దాని కింద పడుకుంటానని. మా ఇంట్లో ఆయన చొక్కాలు ఇస్త్రీ మడతలు చెదరకుండా అలాగే ఉన్నాయి. అక్కకు ఆ మాట చెప్పాను. "చింపకపోతే చిమ్మట కొడుతుంది" అంది.

సోమవారం

మొత్తం డ్రైవింగే. ఐ-65 మీద మొబీల్, అక్కణ్ణుంచి ఐ-10, మిసిసిపీ రాష్ట్రం అలా వచ్చి అలా పోతుంది. న్యూ ఆర్లీన్స్ ముందు పాంచర్‌ట్రైన్ సరస్సు మీద మైళ్ల కొద్దీ వంతెన. అక్కడ టెన్షన్ పడ్డ మాట నిజం, పాత వంతెన కత్రినా తుఫానులో దెబ్బతింటే కొత్తగా కట్టారని ముందురోజు చదవకుండా ఉండాల్సింది. ఈ ఊళ్లో సోమవారం అంటే ఎర్ర రాజ్మా, అన్నం. ఒకప్పుడు సోమవారం బట్టలుతుకుడు రోజు, ఆదివారం మిగిలిన ఎముక వేసి గింజలు పొయ్యి మీద వదిలేస్తే వాటంతట అవే ఉడికేవి. మాంసం లేనివి ఒక చోట దొరికాయి. బాగున్నాయి, కారం లేదు.

మంగళవారం

డూకీ చేజ్ రెస్టారెంటుకు మధ్యాహ్నం వెళ్లాను, ఒక్కదాన్నే టేబుల్ కావాలని అడిగి. ఒక్కరేనా అని అడిగితే అవును, ఒక్కరే అన్నాను. ఈ చిన్న మాట అనడం నాకు ఈ ఏడాదిలోనే వచ్చింది.

1941లో చిన్న శాండ్‌విచ్ కొట్టుగా మొదలైందిది. ఆ ఇంటి కోడలు లియా చేజ్ వచ్చాక, నల్లవాళ్లు కూడా తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద కూర్చుని తినే చోటు కావాలని పట్టుబట్టి మార్చింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చోవడం చట్టానికి విరుద్ధమైన కాలంలో మేడ మీద గదిలో ఉద్యమకారులు కలిసి మీటింగులు పెట్టుకునేవారు, ఆమె వాళ్లకు గంబో అనే పులుసు వడ్డించేది. 2005లో కత్రినా వచ్చి రెస్టారెంటు నీళ్లలో మునిగినప్పుడు ఆమెకు 82 ఏళ్లు. ఎదురుగానే ప్రభుత్వం ఇచ్చిన ట్రెయిలర్‌లో భర్తతో కలిసి ఉంటూ, 2007లో మళ్లీ తెరిచింది. 2019లో, 96 ఏళ్ల వయసులో పోయేదాకా ఆ వంటింటితోనే ఉంది. ఒబామా వచ్చి రుచి చూడకుండానే గంబోలో కారం సాస్ పోసుకుంటే అందరి ముందు మందలించిందట. వంట విషయంలో ఈ దక్షిణాది ఆడవాళ్లు ఎవరికీ మినహాయింపు ఇవ్వరు.

గంబో అంటే నూనెలో పిండిని ముదురు రంగు వచ్చేదాకా వేయించి చేసే చిక్కటి పులుసు, పక్కన అన్నం. అందులో రొయ్య, పీత, సాసేజ్ అన్నీ ఉంటాయి కాబట్టి పంది తినను అని ముందే చెప్పి, అడిగి, చివరికి వేయించిన కోడి తిన్నాను. ఈస్టర్ ముందు గురువారం మాత్రం రకరకాల ఆకులతో పచ్చ గంబో చేస్తారట, ఆకుల లెక్క బేసి సంఖ్యలో ఉండాలి. అందులో గోంగూర పడితే ఎలా ఉంటుందో ఎవరైనా చేసి చూడాలి.

బుధవారం

ఏడెనిమిది గంటల దారి, చెప్పుకోవడానికేమీ లేదు. మాంట్‌గోమరీ దగ్గర ఆగి, చెనిక్కాయలు తింటూ, పార్కింగ్‌లో కూర్చుని పాత వాట్సాప్ గ్రూపు తీశాను, నేనింకా ఉన్న గ్రూపు, ఎవరూ పెద్దగా రాయనిది. వచ్చే ఆదివారం మా ఇంట్లో భోజనాలు అని పెట్టాను. పేరంటం కాదు, తాంబూలాలు లేవు, ఎవరైనా రావచ్చు, ఎవరికి ఎవరున్నా లేకపోయినా. అలసంద వడలు, కోడి పులుసు, కొలార్డ్ ఆకు పప్పు. వచ్చేవాళ్లు ఎంతమందో గురువారంలోగా చెప్పాలి, నాకు లెక్క కావాలి. అక్కకు కూడా ఫోన్ చేసి చెప్పాను, అమ్మను తీసుకురమ్మన్నాను, మొక్కజొన్నరొట్టె బాధ్యత తనదేనన్నాను.

ఒపెలైకా దాటేసరికి మెసేజ్‌లు మోగడం మొదలైంది, ఇంటికొచ్చి చూసుకుంటే పధ్నాలుగు మంది. ఇద్దరు పిల్లలకు కారం వద్దన్నారు, ఒకావిడ కార్తీకం దాకా ఉల్లి తిననంది, ఆమెకు వేరే వాయి వేయాలి. కేజీ అలసందలు సరిపోవు.